నీళ్ళడగని పెరడు

మొన్న మా తమ్ముడి కొడుకు మడికొండలో కొత్తగా కట్టుకున్న ఇల్లు చూడటానికి వెళ్ళాను. ఇల్లు బాగానే ఉంది. ఇంటి ముందు, పక్కన కలిపి రెండు గదులంత ఖాళీ నేల వదిలారు. భార్యాభర్తలిద్దరూ అక్కడికి దగ్గర్లోనే కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్నారు. నేను చెప్పులు విప్పకముందే వాడు నన్ను ఆ ఖాళీ నేల దగ్గరికి తీసుకుపోయి, "అత్తా, నువ్వు చెప్పు, ఈడ ఏం పెట్టాలె? ఒకసారి పెట్టి మర్చిపోవాలె. మాకు నీళ్ళు పోసే టైం గూడ లేదు" అన్నాడు. వాడి భార్య చాయ కప్పుతో వెనకాలే వచ్చి, "పెండ్లైన కొత్తల నన్ను గూడ గట్లనే తెచ్చి పెట్టి మర్చిపోయిండు అత్తమ్మా, నేను బతకలేదా?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. నర్సరీ అతను ఇచ్చిపోయిన రంగుల కాగితాలు చూపించారు. నీళ్ళ గొట్టాలు, వాటికి గడియారం, ఏ ఊరివో తెలియని మొక్కలు. నాకు తోచిన నాలుగు పేర్లు చెప్పి, భోంచేసి వచ్చేశాను. కానీ బస్సులో కూర్చున్న దగ్గరనుంచి ఆ మాటే మనసులో తిరుగుతోంది. పెట్టి మర్చిపోయే తోటను నేను ఒకదాన్ని చూశాను. దాన్ని పెట్టిన మనిషి మాత్రం దేన్నీ మర్చిపోయే రకం కాదు.

ఆమె మా బాపమ్మ, మా నాయన తల్లి. అప్పుడు మేము హనుమకొండలో ఒక సందులో పెంకుటింట్లో ఉండేవాళ్ళం. బాపు అని మేము పిలిచే నాయన, ఆయన తమ్ముడు చిన్నాయిన కలిసి వరంగల్ బజారులో కిరాణా దుకాణం నడిపేవారు. పొద్దున చద్దన్నం తిని సైకిళ్ళమీద పోతే దీపాలు పెట్టాక వచ్చేవారు. ఇంట్లో మిగిలేది ఆడవాళ్ళం: బాపమ్మ, అమ్మ, చిన్నాయిన భార్య విమల చిన్నమ్మ, ఇంటర్ చదువుతున్న నేను. తమ్ముడు బడికి పోయేవాడు, వచ్చేవాడు, తినేవాడు. వాడికి ఇంట్లో జరిగే సంగతులు పట్టేవి కావు. మా ఇంటి వాసన ఏమిటని ఎవరైనా అడిగితే నేను మూడు చెప్పగలను. మగవాళ్ళ చొక్కాలకు పట్టి ఉండే ఎండుమిర్చి ఘాటు, బాపమ్మ తలలోని కుంకుడు పులుసు వాసన, పొద్దున్నే తడిసిన పెరటి మట్టి వాసన. ఈ మూడోదాని కోసమే మేమంతా తెల్లారకముందే లేచేవాళ్ళం.

పెరటిలో చేదబావి. బావికి ఒక పక్క తులసికోట, మిగతా మూడు పక్కలా బాపమ్మ పూలచెట్లు. ఎర్ర గులాబీలు, పసుపు చేమంతులు, కనకాంబరం, మరువం, పందిరి మీద మల్లె. సందులో ఎవరింట్లో నోమైనా పేరంటమైనా మా ఇంటికే పూలకు వచ్చేవారు. బాపమ్మ అడిగిన వాళ్ళకు లేదనదు, అడగకుండా తెంపిన వాళ్ళను వదలదు. గులాబీ మొక్కలతో ఆమె మాట్లాడేది. "ఏమే, రెండు రోజులాయె, మొగ్గన్న లేదు, తిన్నది ఏడవెట్టుకున్నవ్?" అని ఆమె అంటుంటే నన్నంటుందేమో అనుకుని నేను పలికిన రోజులున్నాయి. ఆ పూలు మొదట దేవుడికి. దేవుడికి పెట్టాక మిగిలినవి మా తలల్లోకి. అందుకే మా ఇంట్లో ఒక నియమం ఉండేది. దేవుడి పూలచెట్లకు ఇంటి ఆడవాళ్ళు స్నానం చేసి, తమ చేత్తో చేదిన నీళ్ళే పోయాలి. గిన్నెలు తోమడానికి వచ్చే మనిషి గాని, మగపిల్లలు గాని ఆ బొక్కెన ముట్టకూడదు. ఇది బాపమ్మ అత్తగారు పెట్టిన నియమం. బాపమ్మ తన కాలంలో చేదింది, తర్వాత అమ్మ చేదింది, చిన్నమ్మ కాపురానికి వచ్చాక తాడు ఆమె చేతికి వచ్చింది. కొత్త కోడలికి తాళంచెవులు ఇచ్చే ఇళ్ళుంటాయి. మా ఇంట్లో బావి తాడు ఇచ్చేవారు.

వానాకాలంలో అది పనిలా ఉండేది కాదు. నీళ్ళు పైకే ఉండేవి. శివరాత్రి దాటితే బావి లోపలికి, ఇంకా లోపలికి పోయేది. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు గాని, ఒక్క గులాబీ పాదు తడవడానికి ఎంత తాడు లాగాలో లాగిన అరచేతులకే తెలుసు. అయినా చిన్నమ్మ ఏ రోజూ విసుక్కోలేదు. ఆమె పాలంపేట దగ్గరి పల్లెలో వరి పండించే ఇంటి పిల్ల. నీళ్ళు, మట్టి ఆమెకు కొత్త కాదు. పెద్దగా నవ్వేది, పెద్దగా తుమ్మేది. బాపమ్మకు ఆమె అంటే లోలోపల ఇష్టమే. "గా తుమ్ముకు పందిరి కూలుతదే" అని తిడుతూనే చేమంతుల్లో పెద్దదాన్ని తెంపి ఆమె జడలో పెట్టేది.

చిన్నమ్మకు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. అలా అవుతుంటుందిలే అన్నారు. రెండోసారి ఆమె చెల్లెలి పెళ్ళికి పుట్టింటికి పోయి ఉంది. ఆ రోజుల్లోనే ఇక్కడ అమ్మకు జ్వరం, నాకు పరీక్షలు. బాపమ్మ ఒక్కతే ఎన్నని చేదుతుంది? చేమంతి మడి ఎండిపోయింది. చిన్నమ్మ తిరిగొచ్చి ఆ ఎండిన మడి చూసిన వారంలోనే కడుపు పోయింది. రెండూ పక్కపక్కన జరిగాయి, అంతే. కానీ ఆమె మనసులో ఆ రెండింటికీ ముడి పడిపోయిందని మాకెవరికీ తెలియలేదు. పెద్ద నవ్వు మాత్రం ఇంట్లో వినపడటం మానేసింది.

మూడోసారి నెల తప్పినప్పుడు బాపమ్మ స్వయంగా రిక్షా మాట్లాడి ప్రసూతి దవాఖానకు తీసుకుపోయింది. నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ చిన్నమ్మను చూసి, వెనకటి సంగతులన్నీ అడిగి, "బరువులెత్తద్దు. నీళ్ళు చేదద్దు. బస్సు ప్రయాణాలు వద్దు, పురుడు గూడ ఈడనే పోసుకో" అని చెప్పింది. బాపమ్మ కొంగు సర్దుకుని, "పూలచెట్లకు నాలుగు బొక్కెనలన్న చేదచ్చునా డాక్టరమ్మా?" అని అడిగింది. "నాలుగు కాదు పెద్దమ్మా, ఒక్కటి గూడ వద్దు. పూలు గావాల్నా, బిడ్డ గావాల్నా?" అందామె. బాపమ్మ, మరొకరెవరైనా తనతో అలా అంటే ఊరుకునేది కాదు. ఆ రోజు మాత్రం తలూపి బయటికి వచ్చింది.

ఆ రోజునుంచి తాడు మళ్ళీ అమ్మ చేతికీ నా చేతికీ వచ్చింది. చిన్నమ్మను నులకమంచం మీదనుంచి దిగనివ్వలేదు. బియ్యం ఏరడం, చింతపండు గింజలు తీయడం, అంతే ఆమె పని. మేమంతా చేయాల్సింది చేశామనే అనుకున్నాం. అప్పటికే నాకు డైరీ రాసే అలవాటుంది. దుకాణానికి టోకు వ్యాపారులు పంపే డైరీల్లో ఒకటి బాపు నాకిచ్చేవాడు. ఆ అలవాటు లెక్కల టీచరుగా రిటైరయ్యాక కూడా పోలేదు. ఇది రాయబోయే ముందు ఆ ఎండాకాలం పేజీలు తీసి చూశాను. "ఎండ మెండుగా ఉన్నది. బావిలో నీళ్ళు తగ్గినవి. చిన్నమ్మ పడుకునే ఉన్నది." రోజూ ఇవే మాటలు. నాకు గుర్తున్నది ఒక్కటీ అందులో లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఏది రాయాలో ఏం తెలుస్తుంది?

మా బావి గిరక గొంతు సందు చివరిదాకా వినపడేది. బాపమ్మ ఆ కీచుమనే చప్పుడుకే నిద్ర లేచేది. ఒక పొద్దున అమ్మ తాడు వేసి లాగుతోంది, నేను పక్కన బిందె పట్టుకుని ఉన్నాను. గిరక చప్పుడు చేయకుండా మెత్తగా తిరుగుతోంది. బాపమ్మ తులసికోట దగ్గర ముగ్గు వేస్తున్నదల్లా తలెత్తింది.

"గిరకకు నూనె ఎవలు పెట్టిన్రే?"

"నేను పెట్టలే అత్తమ్మా," అంది అమ్మ. నేనూ తల అడ్డంగా ఊపాను. బాపమ్మ లేచి వచ్చి గిరకను వేలితో తాకి వాసన చూసింది. పల్లీ నూనె. తర్వాత చేమంతి మడి దగ్గరికి పోయి మట్టిలో వేలు గుచ్చింది. మేము ఇంకా ఒక్క బొక్కెన కూడా పోయలేదు, మడి తడిగా ఉంది. ఆమె లోపలికి పోయి చిన్నమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది. నేను గడపలోనే నిలబడిపోయాను.

"విమలా, నీ చేతులు సూపియ్యి."

చిన్నమ్మ దుప్పటిలోంచి చేతులు తీయలేదు.

"ఎన్నొద్దుల సంది చేదుతానవ్ బిడ్డా?"

చిన్నమ్మ గోడవైపు తిరిగింది. అటు చూస్తూనే, "ఎక్కువ కాదు అత్తమ్మా. రెండే బొక్కెనలు. మీరు లేవకముందు," అంది.

"ఎందుకే? మేము పోస్తలేమా?"

"పోస్తాన్రు. కని ఎండల జల్ది ఎండుతానయ్. నాకు ఈడ పండుకుంటె నిద్ర పడుతలేదు. ఆ చెట్టు ఎండితే నా కడుపెండినట్టే అనిపిస్తది అత్తమ్మా. పోయినసారి గట్లనే అయ్యింది గద."

బాపమ్మ తిడుతుందనే అనుకున్నాను. ఆమె తిట్టలేదు. చిన్నమ్మ వీపు మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. బయట సైకిల్ గంటలు, పాలవాడి కేక, ఎదురింటి సత్తెమ్మ వాకిలి ఊడుస్తున్న చప్పుడు. ఆ మధ్యాహ్నమే చిన్నమ్మకు చీర మీద ఎర్రటి మరక కనపడింది. మళ్ళీ రిక్షా, మళ్ళీ దవాఖాన. చిన్నాయిన దుకాణం వదిలి పరుగెత్తి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి, లోపల బిడ్డ బాగానే ఉందని, ఇక కాలు కింద పెట్టనివ్వద్దని చెప్పింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. బాపమ్మ తప్ప. రిక్షాలో తిరిగి వస్తుంటే ఆమె అమ్మతో నెమ్మదిగా అంది. "కాలు కట్టేస్తె ఆగుతదా ఆ పిల్ల? మల్ల లేస్తది. చెట్టు దూపతోని ఉన్నదంటె దానికి పండుకుంటె ముండ్ల మీద ఉన్నట్టే. నేను గూడ ముగ్గుర్ని పోగొట్టుకున్ననే. గప్పుడు బాయి దిక్కు ఎవలు సూసిన్రు? మా అత్త సూసిందా, నేను సూసిన్నా?"

మర్నాడు పొద్దున ఆమె పెరట్లో గడ్డపార పట్టుకుని ఉంది. ఒక్కో గులాబీ చుట్టూ తవ్వి, వేళ్ళకు మట్టిముద్ద చెదరకుండా తీసి, దుకాణం నుంచి వచ్చిన చిరిగిన గోనెసంచుల్లో చుట్టింది. సందులో అడిగిన వాళ్ళకు, అడగని వాళ్ళకు కూడా పంచింది. చేమంతి పిలకలు తట్టలో పెట్టి వాకిట్లో ఉంచింది. కనకాంబరం, మరువం పీకేసింది. మల్లెను మాత్రం వదిలింది. "ఇది నీళ్ళు లేకుంటె పూయది, అంతే. చావది," అంది. చప్పుడు విని చిన్నమ్మ గుమ్మందాకా వచ్చి తలుపు పట్టుకుని ఏడ్చింది. "అత్తమ్మా, దేవుని చెట్లు. వద్దత్తమ్మా, నా కోసం వద్దు."

"నీ కోసమని ఎవలన్నరు? నా నడుములు నొస్తానయ్, తీసేస్తాన. దేవునితోని నేను మాట్లాడుకుంట. నువ్వు పోయి పండుకో," అంది బాపమ్మ. ఆమె గొంతులో ఎప్పటి గడుసుతనమే. కానీ చివరి గులాబీని తీసేటప్పుడు ముళ్ళు గుచ్చుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుని, కాసేపు అటువైపు తిరిగి నిలబడింది. ముళ్ళకు భయపడే మనిషి కాదామె.

పెరడు బోసిపోయింది. పూజకు తులసిదళం, అక్షింతలు తప్ప ఏమీ లేవు. ఎండాకాలం నడిమధ్య పచ్చని చెట్లు పీకిన ఇల్లని సందులో మాటలు పుట్టాయి. ఎదురింటి సత్తెమ్మ, తనింట్లో మా గులాబీ పెట్టుకున్న మనిషే, వాకిట్లో నిలబడి, "ఏమత్తా, ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్లుండంగ చెట్లు పీకుతరా? మంచిదేనా?" అంది. "మంచిది కాకుంటె మా ఇంటి గులాబీ నీ ఇంట్ల ఎందుకు పెట్టుకున్నవ్? తెచ్చియ్యి మల్ల," అంది బాపమ్మ. సత్తెమ్మ తలుపు వేసుకుంది.

ఆ తర్వాత బాపమ్మ చేసిన పని నాకు ఇప్పటికీ అబ్బురమే. కొత్త చెట్లు పెట్టాలనుకుంది. కానీ ఏవి పెట్టాలని ఎవరినీ అడగలేదు. రోహిణి కార్తె వచ్చేదాకా ఆగింది. రోకళ్ళు పగిలే ఆ ఎండలో నన్ను వెంటబెట్టుకుని, తల మీద తడి తువ్వాల వేసుకుని, ఊరంతా తిరిగింది. "ఇప్పుడు ఎవ్వలు నీళ్ళు పొయ్యని జాగల ఏది పచ్చగున్నదో గదే మనకు గావాలె. వానకాలం అన్నీ పచ్చగనే ఉంటయ్, గప్పుడు ఏం తెలుస్తది?" అంది. రైలు పట్టాల పక్క కంచె, గుట్ట అడుగున రాళ్ళ సందులు, పాత గోడల నీడ, పాడుబడ్డ ఇళ్ళ వెనకభాగాలు. అలాంటి చోట్ల ఆమె ఆగి ఆకు తుంచి చూసేది. ఎర్రగన్నేరు దుమ్ములో కూడా పూస్తోంది. బిళ్ళగన్నేరు గోడ పగుళ్ళలోంచి మొలిచింది. గోరింట కంచె, ఒక పడిపోయిన ఇంటి వాకిట్లో నందివర్ధనం, గుట్ట మీద రాళ్ళకు ఆనుకుని తంగేడు. తంగేడు దగ్గర ఆమె చాలాసేపు నిలబడి ఎండిన కాయలు కొంగున మూట కట్టుకుంది.

"బాపమ్మా, తంగేడు ఇంట్ల పెడతరా ఎవరన్న? అడివి చెట్టు గద," అన్నాను.

"బతుకమ్మకు ముందుగాల్ల ఏం పువ్వు పెడతవే?"

"తంగేడే."

"దేవతను పేర్చేటందుకు పనికొచ్చిన పువ్వు, పెరట్ల పెట్టుకునేటందుకు పనికిరాదా? నడువు."

మృగశిర కార్తెలో మిరుగు వానలు పడగానే పని మొదలుపెట్టింది. గన్నేరు, నందివర్ధనం, గోరింట కొమ్మలు కోసుకొచ్చి నాటింది. తంగేడు గింజల్ని వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మొలక గుంటల్లో వేసింది. గిన్నెలు తోమే నీళ్ళు పారే చోట కరివేపాకు, దాని పక్కన గోడ మీదికి దొండతీగ. ఆ నీళ్ళు ఎలాగూ ఎవరో ఒకరు పారబోయవలసిందే కనుక ఎవరూ ప్రత్యేకంగా పోయనక్కరలేదు. మధ్యలో నేల కనపడకుండా బిళ్ళగన్నేరు, కలబంద. మిగిలిన ఖాళీల మీద తడిపిన గోనెపట్టాలు పరిచి, వాటి మీద ఎండాకులు పోసింది. "నేల ఎండకు కనవడద్దు. కనవడితె నీళ్ళడుగుతది," అనేది. చిన్నమ్మను గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఏది ఎక్కడ పెట్టాలో ఆమెనే చెప్పమంది. మొదట్లో చిన్నమ్మ తలొంచుకుని కూర్చునేది. తర్వాత మెల్లగా, "గా నందివర్ధనం జర ఇటు పెట్టుండ్రి అత్తమ్మా, కిటికీల కెల్లి కనవడతది," అంది. ఆ మొక్క ఆమెకు ముద్దు. ఇంకా ఆకు విప్పకముందే రోజుకు పదిసార్లు దానికేసి చూసేది.

ఆషాఢంలో వాన మొహం చాటేసింది. రోజులు గడిచేకొద్దీ కొత్తగా నాటిన కొమ్మలు వాడటం మొదలైంది. అమ్మ బొక్కెన తీసుకోబోతే బాపమ్మ అడ్డం నిలబడింది. "పొయ్యద్దు. ఇప్పుడు పోస్తె ప్రతి ఎండకాలం పొయ్యాలె. చచ్చేటియి చావనీ. బతికేటియే మనయి."

అందరికన్నా ఎక్కువ నలిగింది చిన్నమ్మ. కిటికీలోంచి ఆమె చూపు ఆ నందివర్ధనాన్ని వదిలేది కాదు. ఆకులు మొదట వేలాడాయి, తర్వాత అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఆమె అన్నం ముద్ద పక్కన పెట్టేసేది. రాత్రిళ్ళు లేచి కూర్చునేదని చిన్నాయిన అమ్మకు చెప్పాడు. "వదినె, అమ్మకు తెల్వకుండ ఒక్క చెంబు పోద్దాం," అని బతిమాలాడు కూడా. ఆ మాట బాపమ్మ చెవిన పడింది గాని, ఆమె ఒప్పుకోలేదు. నాకు ఆ రోజుల్లో బాపమ్మ మీద కోపం వచ్చింది. ఒక మొక్కకు చెంబెడు నీళ్ళు పోస్తే ఏం పోతుంది, ఇంత మొండితనమెందుకు అనుకున్నాను.

ఒక సాయంత్రం నందివర్ధనం పూర్తిగా ఎండిపోయింది. బాపమ్మ దాన్ని పీకి, చేతిలో పట్టుకుని, తిన్నగా చిన్నమ్మ మంచం దగ్గరికి వచ్చింది. అమ్మా నేనూ ఆమె వెంట పరుగెత్తాం. ఎండిన పుల్లను చిన్నమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఎండిపాయె అత్తమ్మా," అంది చిన్నమ్మ.

"ఎండిపాయె. మంచిగ సూడు. విరిచి సూడు."

చిన్నమ్మ విరిచింది. పుల్ల పట్‌మని విరిగింది.

"ఇగ చెప్పు, లోపలెట్లున్నది?"

చిన్నమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆమె ముఖం మీద మెల్లగా ఏదో మారింది.

"తన్నుతాంది," అంది.

"తన్నదా మరి? వాళ్ళమ్మ పొద్దటి సంది అన్నం తినకపాయె. కోపమొస్తది గద," అని, బాపమ్మ ఆ విరిగిన పుల్లలు తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది. వాటితోనే ఆ సాయంత్రం చాయ కాగింది. చిన్నమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది. ఆ రాత్రి ఆమె లేచి కూర్చోలేదని చిన్నాయిన మర్నాడు చెప్పాడు. తర్వాత ఎన్ని కొమ్మలు ఎండినా ఆమె కిటికీ దగ్గరికి పోలేదు. శ్రావణంలో వానలు తిరిగొచ్చాక బాపమ్మ ఆ గుంటలో మరో నందివర్ధనం కొమ్మ నాటింది. అది బతికింది.

బతుకమ్మ పండుగ వెళ్ళాక, కార్తీకం చలి మొదలయ్యే రోజుల్లో చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. నొప్పులు ఒక రాత్రీ ఒక పగలూ పడింది. దవాఖాన వరండాలో బాపమ్మ వక్కపలుకు నములుతూ కూర్చుంది. నర్సు బయటికి వచ్చి తల్లీబిడ్డా బాగున్నారని చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "ఏడ్చిందా గట్టిగ?" "సందులకు వినవడేటట్టు ఏడ్చింది పెద్దమ్మా," అంది నర్సు. "అయితె మా విమల బిడ్డనే," అని బాపమ్మ అప్పుడు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ పెరడు తర్వాత చాలా ఏళ్ళు ఉంది. రెండో ఏటినుంచి తంగేడు పూసింది. అప్పుడు తప్పుపట్టిన సత్తెమ్మే బతుకమ్మకు మొదటగా తట్ట పట్టుకుని వచ్చి, "గుట్టకు పోవుడు తప్పింది అత్తా," అంది. గన్నేరు గోడను దాటి పెరిగింది. కరువొచ్చి బావి అడుగు కనపడిన ఏడు కూడా దేవుడికి పూలు తప్పలేదు. అందరం ఊరెళ్ళి నెల తర్వాత వచ్చినా అది మమ్మల్ని నీళ్ళడిగింది లేదు. కానీ బాపమ్మకు అది పూర్తిగా సంతోషమిచ్చిందని నేను అనలేను. అలవాటుగా తెల్లారకముందే లేచేది. లేచి బావిగట్టు మీద కూర్చునేది. పాదు చేయడానికి ఏమీ లేదు, తిట్టడానికి ఏ గులాబీ లేదు. గన్నేరును తిడితే ఏం పలుకుతుంది? ఒక్కోసారి సత్తెమ్మ గోడవైపు చూసేది. అటు మా గులాబీ పూసేది. ఏ పనీ లేని తోటను చూసి మేమంతా హాయి అనుకున్నాం. ఆ హాయికి ఆమె తన పొద్దులన్నీ ఇచ్చేసిందని నాకు అరవై దాటాక, నాకు కూడా పొద్దున్నే చేయడానికి పని లేకుండా పోయాక గాని తెలియలేదు. ఇప్పుడు మోటార్లున్నాయి, గొట్టాలున్నాయి, నీళ్ళు చేదే చెయ్యి ఏ ఇంట్లోనూ లేదు. మనకు సమయం లేక అలాంటి తోట కోరుకుంటున్నాం. అందులో తప్పేమీ లేదు. ఆమెకు సమయం కావలసినంత ఉండేది. ఇంకొకరి భయం తీరడానికి తనకు ప్రాణమైన పనిని వేళ్ళతో సహా తీసి పంచిపెట్టింది. అలా చేస్తున్నానని ఒక్కసారి కూడా నోటితో అనలేదు. నడుము నొప్పి అని చెప్పింది.

పురిటి తర్వాత ఇరవయ్యొకటో రోజున మా వైపు బాలింత చేత బావికి పూజ చేయించి, మొదటి చేద వేయిస్తారు. బాపమ్మ తెల్లవారుజాము నుంచి ఒక్క నిమిషం కూర్చోలేదు. బావి అరుగు కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. బిడ్డను చిన్నమ్మ తల్లి ఎత్తుకుంది. పసుపు చీరలో, తలకు గుడ్డ కట్టుకుని చిన్నమ్మ బావి దగ్గరికి వచ్చి తాడు పట్టుకుంది. అన్ని నెలలు ముట్టని తాడు. బొక్కెన నీళ్ళను తాకిన చప్పుడు, తర్వాత గిరక కీచుమన్న చప్పుడు. నూనె ఎప్పుడో ఆరిపోయింది. ఆమె నెమ్మదిగా లాగి, నిండు బొక్కెనను అరుగు మీద పెట్టి, ఎటు పోయాలో తెలియక చుట్టూ చూసింది. మొదటి చేద నీళ్ళు చెట్టు మొదట్లో పోయాలని ఆచారం. వానలు వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. బిళ్ళగన్నేరు నేలంతా కప్పేసింది. ఎటు చూసినా నీళ్ళు కావాలన్నట్టున్న చెట్టు ఒక్కటీ లేదు. తులసికి పొద్దున్నే నేను పోశాను.

"ఏడ పొయ్యాలె అత్తమ్మా?" అంది చిన్నమ్మ.

బాపమ్మ పెరడంతా ఒకసారి కలయజూసింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య నొక్కుకుని, బావిగట్టు పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులూ దోసిలి పట్టింది.

"నాకు పొయ్యి. పొద్దటి సంది దూపైతాంది."

చిన్నమ్మ వంగి పోసింది. బాపమ్మ తాగింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారి చీర తడిసింది. చిన్నమ్మ బొక్కెన ఆపి, "చాలా అత్తమ్మా?" అంది.

బాపమ్మ దోసిలి తీయలేదు. "ఇంక జర పొయ్యి," అంది.